మెరీనా బీచ్‌లో ఆ నలుగురు కూలీలు: మన ఫోన్‌లో మనుషులు పోయి నల్ల గుట్ట ఎందుకు వస్తది?

బోథ్ నుంచి మీ అన్న మాట్లాడుతున్నా. ఈరోజు ఎపిసోడ్ సముద్రం గురించి. నవ్వకండి. మనది ఆదిలాబాద్ జిల్లా, ఎటు చూసినా వందల కిలోమీటర్ల దాకా సముద్రం లేదు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ మన పిల్లలు చదువుకని, పనికని చెన్నై పోతున్నరు, వైజాగ్ పోతున్నరు. పోయిన మొదటి ఆదివారమే బీచ్‌కు పోతరు. పోయి ఫోటో తీసి ఇంటికి పంపుతరు. ఆ ఫోటో గురించే ఇప్పుడు మాట్లాడుకుందాం.

మా మండలం నుంచి చెన్నైకి బిల్డింగ్ పనికి పోయిన ఒక తమ్ముడు ఈ మధ్య నాకు ఒక ఫోటో పంపిండు. మెరీనా బీచ్ రోడ్డు మీద ఒక పెద్ద కంచు విగ్రహం ఉంటది. నలుగురు మనుషులు గోచీలు కట్టుకొని, పొడుగు కట్టెలు పెట్టి, ఒక పెద్ద బండను కదిలిస్తుంటరు. ఆ విగ్రహం చూసి వీనికి వాళ్ల నాయిన గుర్తొచ్చిండు. నాయిన వయసులో ఉన్నప్పుడు బావుల పని, బండల పని చేసిండు. వెంటనే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిండు. నాయిన చూసి, "ఏందిరా ఇది, గుట్టనా?" అని అడిగిండట. ఫోటో చూస్తే నాకూ అట్లనే ఉన్నది. వెనక తెల్లటి ఆకాశం, ముందట నల్లటి ముద్ద. నలుగురు మనుషులు లేరు, కట్టెలు లేవు, ఆ కష్టం లేదు. తమ్ముని ఫోన్ చిన్నదేం కాదు, మంచి ఫోనే. మరి ఎందుకట్ల వచ్చింది?

ముందు ఆ విగ్రహం ఏందో తెలుసుకుందాం. ఎందుకంటే దేన్ని తీస్తున్నమో తెలిస్తేనే ఫోన్‌కు ఏం చెప్పాలో తెలుస్తది.

దాని పేరు 'శ్రమ విజయం'. తమిళంలో ఉళైప్పాళర్ సిలై అంటరు. ఆటో ఆయనకు ఆ పేరే చెప్పండి, ఇంగ్లీషు పేరు చెప్తే సగం మందికి తెల్వదు. మెరీనా ఉత్తరం కొసకు, మద్రాస్ యూనివర్సిటీకి ఎదురుంగ ఉంటది. చేపాక్ రైల్వే స్టేషన్‌లో దిగితే నడిచి పోవచ్చు. 1959 జనవరి 25న, అంటే రిపబ్లిక్ డేకు ఒక్కరోజు ముందు దాన్ని ఆవిష్కరించిండ్రు. చేసినాయన దేవీప్రసాద్ రాయ్ చౌధురి. 1899లో ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న రంగ్‌పూర్ ప్రాంతంలో పుట్టిండు. 1929 నుంచి దాదాపు ముప్పై ఏండ్లు మద్రాసు ఆర్ట్స్ స్కూల్‌కు ప్రిన్సిపాల్‌గా పని చేసిండు. అప్పుడు ఆంధ్ర ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉండె కాబట్టి బొమ్మలు నేర్చుకోవాలనుకున్న తెలుగు పిల్లలు కూడా ఆ స్కూల్‌కే పోయేది. 1954లో లలిత కళా అకాడమీ పెట్టినప్పుడు దానికి మొదటి చైర్మన్ ఆయనే. 1958లో పద్మభూషణ్ వచ్చింది. ఢిల్లీలో గాంధీ తాత కర్ర పట్టుకొని ముందు నడుస్తుంటే వెనక పది మంది వస్తున్నట్టుండే 'గ్యారా మూర్తి' మీరు ఫోటోల్ల చూసే ఉంటరు. అది కూడా ఈయనదే.

ఇంకొక సంగతి. రాయ్ చౌధురికి కుస్తీ అంటే బాగా ఇష్టం, స్వయంగా కుస్తీ పట్టేటోడు. ఆ విగ్రహం దగ్గర నిలబడి చూస్తే ఈ మాట నిజమే అనిపిస్తది. బరువు ఎత్తేటప్పుడు పిక్క ఎక్కడ బిగుస్తది, వీపు ఎట్ల వంగుతది, కాలి వేళ్లు నేలను ఎట్ల పట్టుకుంటయి, ఇవన్నీ ఒంటితో తెలిసినోడే అట్ల చెయ్యగలడు. మామూలుగా మన దగ్గర విగ్రహమంటే ఒక నాయకుడు వేలు చూపిస్తూ నిలబడి ఉంటడు. ఇక్కడ నాయకుడు లేడు. నలుగురికీ పేర్లు లేవు.

మెరీనాకు, కూలీలకు ఉన్న సంబంధం ఈ విగ్రహం కన్నా పాతది. మన దేశంలో మొట్టమొదటి మేడే 1923లో మద్రాసులోనే జరిగింది. సింగారవేలు చెట్టియార్ జరిపించిండు. ఆ రోజు పెట్టిన సభల్ల ఒకటి ఈ సముద్రం ఒడ్డునే. ఇప్పటికీ మేడే నాడు ఈ విగ్రహం దగ్గరికి దండలు పట్టుకొని వస్తరు.

మనకు దగ్గరి విషయం కూడా ఉన్నది. కట్టె పెట్టి, దాని కింద చిన్న రాయి ఆనించి, పెద్ద బండను లేపుడనేది మన వడ్డెరల పని. తెలుగు మాట్లాడే వడ్డెరలు తమిళనాడు, కర్ణాటక దాకా బతకపోయి బండలు కొట్టిండ్రు, బావులు తవ్విండ్రు. విగ్రహంలో ఉన్నది వాళ్లే అని నేనంటలేను. కానీ మన కరీంనగర్ గ్రానైట్ క్వారీలల్ల ఇప్పుడు క్రేన్ చేసే పని ఒకప్పుడు ఎట్ల చేసేదని మీ పిల్లలు అడిగితే, ఈ విగ్రహం ఫోటో ఒక్కటి చూపిస్తే చాలు. అందుకే అది నల్ల ముద్దలా వస్తే నాకు మనసుకు పట్టింది.

సరే, ఇప్పుడు ఫోన్ సంగతి.

మధ్యాహ్నం ఇంట్ల ఉండి, గుమ్మంల నిలబడ్డ మనిషిని చూడండి. వెనక ఎండ, ముందట మనిషి. మన కంటికి ముఖం కనపడుతది. ఫోన్‌లో తీస్తే ముఖం నల్లగా వస్తది. ఎందుకంటే ఫోన్ మొత్తం సీన్‌లో ఉన్న వెలుతురును లెక్కగట్టి, సగటున మరీ తెలుపు కాకుండ, మరీ నలుపు కాకుండ రావాలని చూస్తది. దానికి మనిషి ముఖ్యం, ఆకాశం కాదు అనే సంగతి తెల్వదు. స్క్రీన్‌లో ముప్పావు వంతు మెరిసే ఆకాశం ఉంటే, 'అబ్బో వెలుతురు ఎక్కువున్నది' అని మొత్తం తగ్గిస్తది. మొదలే నల్లగున్న కంచు ఇంకింత నల్లబడుతది.

సముద్రం కాడ ఈ సమస్య రెండింతలు. ఊళ్లో విగ్రహం వెనక ఇండ్లు, చెట్లు ఉంటయి. బీచ్‌లో వెనక అంతా ఖాళీ. పైగా ఈ విగ్రహం ఎత్తు దిమ్మె మీద ఉంటది. మనం కింద నిలబడి పైకి చూస్తం, కాబట్టి నలుగురి వెనక ఆకాశం తప్ప ఇంకేం రాదు. మెరీనాలో ఇసుక చాలా వెడల్పు. రోడ్డు నుంచి అలల దాకా పోవాలంటే చాలాసేపు నడవాలె. విగ్రహం వెనక అలలు కనపడేటట్టు తీద్దామని కొంతమంది తిప్పలు పడుతరు. రావు. వదిలేయండి.

చెయ్యాల్సిన పని చిన్నది. స్క్రీన్ మీద ఆకాశాన్ని కాదు, ఆ నలుగురిలో ఒకరి ఛాతీ మీద వేలు పెట్టండి. చాలా ఫోన్లల్ల పక్కన చిన్న సూర్యుని గుర్తు వస్తది. దాన్ని మెల్లగా పైకి జరపండి. పక్కటెముకలు, చేతి నరాలు కనపడుడు మొదలవుతది. ఆకాశం కొంచెం తెల్లబడుతది, పడనీయండి. అదే చోట వేలు రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే లాక్ అవుతది. లాక్ అయినంక మీరు కొంచెం అటు ఇటు జరిగినా ఫోన్ మళ్ల మనసు మార్చుకోదు. హెచ్‌డీఆర్ ఆన్‌లో ఉంచండి. అంటే ఫోన్ ఒక్కసారే వెలుతురు ఎక్కువ తక్కువలతో కొన్ని ఫోటోలు తీసి ఒకటిగా కలుపుతది. కాకపోతే హెచ్‌డీఆర్ మరీ ఎక్కువైతే నల్లటి తల చుట్టూ తెల్లటి అంచు వస్తది, దేవుని పటంలో కాంతి వలయం లెక్క. అట్ల కనపడితే సూర్యుని గుర్తును కొద్దిగా కిందికి దించండి.

ఇక్కడొక మెలిక ఉన్నది. జూమ్ చేసి కంచు మాత్రమే స్క్రీన్ నిండా పెట్టిండ్రనుకోండి. అప్పుడు ఫోన్‌కు అంతా నలుపే కనపడుతది. 'చీకటి ఎక్కువున్నది' అనుకొని వెలుతురు పెంచుతది. నల్ల కంచు బూడిద రంగులోకి వస్తది, పాత స్టీలు గిన్నె లెక్క. అప్పుడు సూర్యుని గుర్తును కిందికి జరపాలె. తెల్ల విగ్రహమైతే ఇంకో తీరు. వైజాగ్ కైలాసగిరి మీద శివపార్వతుల పెద్ద విగ్రహాలు తెల్లగా ఉంటయి కదా. దగ్గరికి పోయి తెలుపే నిండా పెడితే ఫోన్ భయపడి వెలుతురు తగ్గిస్తది, శివుడు మాసిన బట్ట రంగులో వస్తడు. అక్కడ పైకి జరపాలె. ఎటు జరపాలెనో బట్టీ పట్టకండి. ఫోన్‌కు ఏం కనపడుతున్నదో ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు.

టైమ్ సంగతి చెప్తా. చాలామంది బీచ్ అంటే సూర్యాస్తమయం అనుకుంటరు. సినిమాల వల్ల. మనది తూర్పు తీరం. చెన్నైలో, వైజాగ్‌లో సముద్రంలోంచి సూర్యుడు పుడతడు, సముద్రంలోకి పోడు. సాయంత్రం ఊరి వైపు, బిల్డింగుల వెనక్కి పోతడు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం పని అయినట్టే. పొద్దున ఏడు గంటలకు రోడ్డు మీద నిలబడి సముద్రం వైపు ఫోన్ పెడితే సూర్యుడు ఎదురుంగనే ఉంటడు, విగ్రహం నీడ బొమ్మ అవుతది. అదే టైమ్‌లో ఇసుక వైపు పోయి, వీపు సముద్రానికి పెట్టి తీస్తే వెలుతురు నేరుగా కంచు మీద పడుతది. కానీ వెనక రోడ్డు, బస్సులు, యూనివర్సిటీ భవనాలు వస్తయి. సాయంత్రం దీనికి ఉల్టా. నాలుగు గంటల తర్వాత రోడ్డు వైపు నిలబడితే మీ వెనక నుంచి ఎండ వస్తది, విగ్రహం వెనక సముద్రం మీది నీలం ఆకాశం వస్తది. నన్నడిగితే సాయంత్రమే మేలు.

పన్నెండు గంటలకు మాత్రం వద్దు. ఎండ నెత్తి మీద పడి భుజాలు మెరుస్తయి, ముఖాలు చీకట్ల ఉంటయి. కండ కనపడాలంటే వెలుతురు పక్క నుంచి రావాలె. పొలంలో పొద్దుగూకే టైమ్‌కు చిన్న మట్టిపెళ్లకు కూడా పొడుగు నీడ వస్తది చూడండి, అదే లెక్క. రాయ్ చౌధురి విగ్రహమంతా ఎత్తుపల్లాలే. పక్క వెలుతురుకు ప్రతి నరం లేచి వస్తది. చెన్నైలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడుతయి. మబ్బు పట్టింది కదా అని ఫోన్ జేబులో పెట్టకండి. వాన పడి తడిసిన కంచు అయితే చెప్పనక్కర్లేదు, చెమట పట్టినట్టే ఉంటది.

ఎక్కడ నిలబడాలె? ఒక్కచోట కాదు. దీని చుట్టూ తిరగండి. పెయింటింగ్‌కు ఒకటే ముఖం ఉంటది. దీనికి అట్ల కాదు, పది అడుగులు జరిగితే వేరే కథ. ఒక పక్క నుంచి చూస్తే నలుగురి ఒంపులు, కట్టెలు అన్నీ ఒకే వైపు ఒరిగి, బరువు ఎటు పోతున్నదో తెలుస్తది. ఇంకో పక్క నుంచి బండ ముందుకొచ్చి మనుషులు దాని వెనక చిన్నగా అవుతరు. అది కూడా నిజమే, కానీ వేరే నిజం. మొదట ఫోన్ తీయకుండ ఒక రౌండ్ తిరిగి రండి. రెండు నిమిషాలే.

అందరూ చేసే పని ఒకటున్నది. దగ్గరికి పోయి, కింద కూర్చొని, 0.5 ఎక్స్ పెట్టి తీస్తరు. ఆ వెడల్పు లెన్స్ దగ్గర ఉన్నదాన్ని పెద్దగా, దూరం ఉన్నదాన్ని చిన్నగా చూపిస్తది. దిమ్మె పెద్దగా, పాదాలు ఏనుగు కాళ్లంత, తలలు నిమ్మకాయలంత వస్తయి. రీల్స్‌కు మజా ఉంటదేమో, విగ్రహానికి మాత్రం అన్యాయం. ముప్పై అడుగులు వెనక్కి నడిచి 2 ఎక్స్ పెట్టండి. తలకు, కాలికి మధ్య లెక్క సరిగ్గా కుదురుతది. ట్రాఫిక్ చూసుకొని నడవండి, అది కామరాజర్ సాలై, బండ్లు మస్తు స్పీడ్‌లో పోతయి.

పోర్ట్రెయిట్ మోడ్ వద్దే వద్దు. అది మనిషి అంచును అందాజాగా కోసి వెనకదాన్ని మసకబారుస్తది. సన్నటి కట్టెలను ఎట్ల కొయ్యాలో దానికి తెల్వక, కట్టెలో సగం మసక, సగం స్పష్టం చేస్తది. కట్టె లేకపోతే వాళ్లు బండను ఊరికే పట్టుకొని నిలబడ్డట్టుంటది. ఎడిటింగ్‌లో 'అడ్డం ఉన్నవి తీసేయి' అనే ఆప్షన్‌తో కూడా జాగ్రత్త. అది కట్టెలను కరెంటు వైర్లనుకునే రకం.

ఫోటోలన్నీ మంచు పట్టినట్టు వస్తున్నయని అనిపిస్తే ముందు లెన్స్ చూడండి. మన పొచ్చెర జలపాతం దగ్గర నిలబడితే తుంపర పడి లెన్స్ మసకబారుతది కదా. అక్కడ అవి మంచినీళ్లు, తుడిస్తే పోతది. సముద్రం గాలిలో ఉప్పు ఉంటది. అది ఆరి లెన్స్ మీద సన్నటి పొరలాగ కూర్చుంటది. పొడి బట్టతో గట్టిగా రుద్దితే ఉప్పు, ఇసుక కలిసి గీతలు పడుతయి. మెత్తటి బట్ట కొద్దిగా మంచినీళ్లతో తడిపి ముందు అద్దండి, తర్వాత పొడి బట్ట.

ఇప్పుడు చాలామంది అడిగే ప్రశ్న. ఒక ఊళ్లో పార్కులో విగ్రహం ఫోటో తీస్తుంటే అక్కడున్న గార్డు నన్ను ఆపి, "ఇది కాపీరైట్, డిలీట్ చెయ్" అన్నడు. అప్పుడు ఇంటికొచ్చి చట్టం చదివిన. మన దేశ కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. దాంట్లో సెక్షన్ 52, ఒకటో ఉపసెక్షన్, 'టీ' క్లాజు ఉన్నది. అందరూ పోయే చోట శాశ్వతంగా నిలబెట్టిన శిల్పాన్ని బొమ్మ గీసినా, ఫోటో తీసినా, దాన్ని ప్రచురించినా కాపీరైట్ ఉల్లంఘన కాదని అందులో ఉంటది. ఆ వెనక 'యూ' క్లాజు సినిమాలో చూపించుడు గురించి చెప్తది, మన వీడియోలకు అదే ఆధారం. రాయ్ చౌధురి 1975లో చనిపోయిండు. మన దగ్గర కళాకారుడు పోయిన తర్వాత 60 ఏండ్లు కాపీరైట్ ఉంటది, అంటే 2035 చివరి దాకా. అయినా మీరు ఫోటో తీసి పోస్ట్ చెయ్యొచ్చు, ఆ మినహాయింపు వల్ల. కానీ దాన్ని అచ్చు పోసి చిన్న బొమ్మలు చేసి అమ్ముడు వేరే సంగతి, అది ఫోటో కిందికి రాదు.

'శాశ్వతంగా' అన్న మాట గమనించండి. బీచ్‌లో ఇసుకతో చేసే బొమ్మలు రేపటికి ఉండవు. వాటికి ఈ క్లాజు వర్తిస్తదని ధైర్యంగా చెప్పలేం. చేసినాయన పక్కనే కూర్చొని ఉంటడు, అడిగి తీయండి, చేతనైతే పది రూపాయలు ఇయ్యండి. కాపీరైట్ వేరు, స్థలం వాళ్ల రూల్ వేరు. మ్యూజియం లోపల కెమెరా వద్దని బోర్డు పెడితే అది వాళ్ల రూల్. డ్రోన్ అయితే ఇంకా వేరు, ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉన్నదో చూడాల్సిందే.

అన్ని దేశాల్ల ఇంత వెసులుబాటు లేదు. డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్ సముద్రం ఒడ్డున రాయి మీద కూర్చున్న చిన్న జలకన్య విగ్రహం ఉన్నది, 1913లో పెట్టింది. దాన్ని చేసిన ఎడ్వర్డ్ ఎరిక్సెన్ 1959లో చనిపోయిండు. అక్కడ 70 ఏండ్ల లెక్క. ఆయన వారసులు పత్రికల మీద కూడా కేసులు వేసిండ్రు. బెర్లింగ్‌స్కే అనే పత్రిక ఆ జలకన్య బొమ్మతో కార్టూన్ వేస్తే కింది కోర్టులు డబ్బు కట్టమన్నయి. చివరికి 2023లో అక్కడి సుప్రీంకోర్టు పత్రిక వైపు తీర్పు ఇచ్చింది. మనకు ఆ బాధ లేదు, మెరీనాలో నిశ్చింతగా తీయండి. దిమ్మె మాత్రం ఎక్కకండి. సెల్ఫీ కావాలంటే మీరు ఫోన్‌కు దగ్గర, విగ్రహానికి దూరంగా నిలబడండి. మీ ముఖం మీద, కంచు మీద ఒకే వైపు నుంచి ఎండ పడేటట్టు చూసుకోండి.

ఆ తమ్మునికి ఇవే చెప్పిన. తర్వాతి ఆదివారం సాయంత్రం మళ్ల పోయిండు. పెద్ద ఫోటో ఒకటి, దగ్గరివి మూడు తీసిండు: ఒక పాదం, ఒక వీపు, కట్టె మీద చేతులు. నాయిన ఈసారి వేళ్లతో పెద్దగా చేసుకొని చాలాసేపు చూసి, నలుగురిలో అసలు బరువు ఎవని మీద ఉన్నదో చెప్పిండట. కట్టె ఇంకొంచెం లోపలికి పెడితే అంత కష్టం ఉండదని కూడా అన్నడట.

చెన్నై పోయేదాకా ఆగనక్కర్లేదు. హైదరాబాద్ పోతే ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలున్నయి, వెనక హుస్సేన్‌సాగర్ నీళ్లు, పైన ఖాళీ ఆకాశం. సముద్రానికి దగ్గరి లెక్క అదే. అదీ కుదరకపోతే మీ ఊరి చౌరస్తాలో ఏ విగ్రహమున్నా సరే, పొద్దున ఏడింటికి నాలుగు దిక్కుల నుంచి నాలుగు, సాయంత్రం ఐదింటికి అవే నాలుగు చోట్ల నుంచి ఇంకో నాలుగు తీయండి. ఎనిమిదీ పక్కపక్కన పెట్టి చూడండి. దండలు వేసిన రోజు వద్దు, మెడ దాకా ఏం కనపడది.